ఎయిర్‌సాఫ్ట్ గన్ వేగాన్ని మైదానం హద్దులోకి తేవడం ఎలా

చిన్న ప్లాస్టిక్ గుళ్లను కాల్చే ఆట తుపాకీని, అంటే ఎయిర్‌సాఫ్ట్ గన్‌ను, కొనుక్కున్న వారిలో చాలామందికి మొదటి చిక్కు మైదానం గేటు దగ్గరే ఎదురవుతుంది. అక్కడి హద్దు 350 అయితే, బ్యారెల్ మూతి ముందు పెట్టిన క్రోనోగ్రాఫ్, అంటే వేగాన్ని కొలిచే చిన్న యంత్రం, 390 చూపిస్తుంది. హనుమకొండ శివారులోని ఒక మామిడితోటలో, యజమాని అనుమతితో, స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందుగా చెప్పి, ఆదివారాలు ఆడుకునే మా చిన్న బృందంలో గన్‌లను విప్పి సరిచేసే పని నా మీద పడి కొన్నేళ్లయింది. ఈ పద్ధతి ఆ అనుభవం నుంచి రాస్తున్నదే.

పై అంకెలు సెకనుకు ఇన్ని అడుగులు అనే లెక్క; ఆటగాళ్లు దానిని ఎఫ్‌పీఎస్ అంటారు. అయితే తగిలే దెబ్బ తీవ్రతను తేల్చేది శక్తి, దాని కొలమానం జౌల్. 0.20 గ్రాముల బీబీ, అంటే ఆ ప్లాస్టిక్ గుండు, సెకనుకు 100 మీటర్ల వేగంతో, అనగా 328 ఎఫ్‌పీఎస్‌తో వెళితే దాని శక్తి సరిగ్గా 1 జౌల్. అదే బీబీకి 350 దగ్గర 1.14 జౌళ్లు, 390 దగ్గర 1.41 జౌళ్లు ఉంటాయి. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, వేగం 11 శాతం పెరిగితే శక్తి 24 శాతం పెరిగిందన్న మాట. జపాన్‌లో 6 మిల్లీమీటర్ల గన్‌లకు 0.98 జౌల్ అని, బ్రిటన్‌లో 2017 చట్టం ప్రకారం వరుసగా కాల్చే గన్‌లకు 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా కాల్చేవాటికి 2.5 జౌళ్లు అని హద్దును శక్తిలోనే చెప్పడానికి కారణం ఇదే.

ఈ లెక్క తెలియనివారు చేసే మొదటి పొరపాటు, కొందరు తెలిసే చేసే చిన్న మోసం, బరువైన బీబీ వేసి కొలిపించడం. 390 చూపిన గన్‌లో 0.30 గ్రాముల బీబీ వేస్తే యంత్రం దాదాపు 318 చూపిస్తుంది, గేటు తెరుచుకుంటుంది. కానీ బీబీ మోసుకెళ్లే శక్తి అదే 1.41 జౌళ్లు. గ్యాస్‌తో నడిచే గన్‌లలోనైతే బరువైన బీబీ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉండి, వెనుక నుంచి మరింత గ్యాస్ నెట్టడం వల్ల శక్తి ఇంకా పెరుగుతుంది కూడా.

కనుక ముందు సరిగా కొలవండి. మైదానం వారు ఏ బరువు బీబీతో, హాప్‌అప్‌ను (బీబీని వెనక్కి తిరుగుతూ వెళ్లేలా చేసే రబ్బరు అమరికను) ఏ స్థితిలో ఉంచి కొలుస్తారో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే హాప్‌అప్ రబ్బరు బీబీని ఎంత గట్టిగా నొక్కుతుందో దానిని బట్టి వేగం మారుతుంది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, వెనుక గోడ గానీ మందపాటి గోనెపట్టా గానీ ఉన్న చోట పది దెబ్బలు కాల్చి, సగటును కాక అన్నిటికంటే పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోండి. బ్యాటరీ గన్‌లో మోటారు పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది, స్ప్రింగ్ దానిని ముందుకు తోసి ఆ గాలితో బీబీని నెడుతుంది. అంకెల మధ్య తేడా ఐదారుకు మించకపోతే గాలి ఎక్కడా లీకవడం లేదని, తగ్గించవలసింది స్ప్రింగ్‌ను మాత్రమేనని అర్థం. ఒక దెబ్బకు 390, మరొక దెబ్బకు 360 వస్తుంటే మొదట గాలిని బీబీ వెనక్కి చేర్చే నాజిల్‌ను, పిస్టన్ తలకు ఉండే ఓ-రింగ్‌ను (గుండ్రని రబ్బరు చుట్టును), హాప్‌అప్ రబ్బరును చూసుకోవాలి. ఆ లీకు బాగుచేశాక వేగం ఇంకా పెరుగుతుందని ముందే అనుకోండి. బ్యాటరీని 11.1 వోల్టుల నుంచి 7.4 వోల్టులకు మార్చితే సరిపోతుందని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. దాని వల్ల నిమిషానికి ఎన్ని దెబ్బలు వెళతాయన్నది తగ్గుతుంది తప్ప, ఒక్కో దెబ్బ వేగం తగ్గదు.

కావాలని లీకు పెట్టి వేగం తగ్గించే పద్ధతిని నేను ఒప్పుకోను. పిస్టన్ ముందుకు దూసుకొచ్చినప్పుడు సిలిండర్‌లో బంధించబడిన గాలే చివరి క్షణంలో మెత్తలా అడ్డుపడి దాని వేగాన్ని అణుస్తుంది. ఆ గాలి పక్కనుంచి పోతే పిస్టన్ నేరుగా సిలిండర్ తలను కొడుతుంది, కొన్ని వేల దెబ్బల తరువాత ఇవన్నీ ఇమిడి ఉండే గేర్‌బాక్స్ ముందుభాగం చీలుతుంది.

అసలు మార్గం స్ప్రింగ్ మార్చడమే. స్ప్రింగ్‌ల మీద ఎం90, ఎం100, ఎం110, ఎం120 అని ఉండే అంకె, 0.20 గ్రాముల బీబీ సెకనుకు రమారమి ఎన్ని మీటర్ల వేగం అందుకుంటుందో చెబుతుంది. ఎం120 ఉన్న గన్ 390 చుట్టుపక్కల చూపిస్తుంది. 350 హద్దుకు ఎం100 తీసుకోవాలి, లోపల గాలి బిగువుగా ఉన్న గన్ అయితే ఎం105 కంటే పైకి పోకూడదు.

విప్పే ముందు బీబీలు నింపే మ్యాగజైన్ తీసి, లోపల మిగిలిన బీబీని సురక్షితమైన దిక్కుకు కాల్చేసి, బ్యాటరీ తీసేయండి. పిస్టన్ ఒక్కొక్కసారి సగం దూరం వెనక్కి లాగబడి ఆగి ఉంటుంది, అప్పుడు స్ప్రింగ్ పూర్తి బలంతో బిగిసి ఉన్నట్టే. పిడిలోని మోటారును తీస్తే ఆ రంధ్రంలోంచి కనబడే గేరు దగ్గర, వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కెం ఉంటుంది. దానిని సన్నని స్క్రూడ్రైవర్‌తో పక్కకు నొక్కితే టప్పుమని శబ్దం వచ్చి స్ప్రింగ్ వదులవుతుంది. ఆ శబ్దం వినకుండా మరలు విప్పవద్దు. కొత్త గన్‌లలో భుజానికి ఆనించే బట్ గొట్టం తీసి, వెనుక నుంచి అలెన్ కీతో నొక్కి పావు తిప్పితే స్ప్రింగ్ బయటికి వస్తుంది, పని పది నిమిషాలలో అయిపోతుంది. పాతవాటిలో గేర్‌బాక్స్ పూర్తిగా తెరవాలి: స్ప్రింగ్ గైడ్‌లోకి, అంటే స్ప్రింగ్ వెనుక కొనను నిలిపి ఉంచే భాగంలోకి, వెనుక నుంచి స్క్రూడ్రైవర్ దూర్చి బొటనవేలితో అదిమి పట్టుకుని, గేర్‌బాక్స్‌ను ఒక పెద్ద పాలిథిన్ కవర్‌లో ఉంచి పైచిప్పను నెమ్మదిగా ఎత్తాలి. ట్రిగ్గర్ దగ్గరి వెంట్రుకంత స్ప్రింగ్ ఎగిరినా కవర్‌లోనే దొరుకుతుంది. గేర్ల కింద, పైన ఉండే పలుచని షిమ్‌లు (వాషర్లు) ఏ గేరువి ఏ పక్కవో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే కదిలించండి.

కొత్త స్ప్రింగ్ దొరికేదాకా పాతదాన్నే కోసి వాడవచ్చునా అంటే, వాడవచ్చు, జాగ్రత్తగా. ఒకేసారి సగం చుట్టుకు మించి కోయకూడదు. కోసిన కొనను మాత్రమే వేడి చేసి, పక్క చుట్టు మీదికి వంచి, గైడ్ మీద సమంగా కూర్చునేలా అరగదీయాలి. ఒకసారి నాకు తీరిక లేక ఈ పనిని వరంగల్‌లో మోటారు సైకిళ్లు బాగుచేసే ఒక షెడ్డులో ఇచ్చాను. ఆయన గ్యాస్ మంటతో స్ప్రింగ్‌ను సగం దాకా ఎర్రగా కాల్చి, నీటిలో ముంచకుండా పక్కన పడేశాడు. ఆ రోజు అది ముచ్చటగా 345 చూపింది; మూడు వారాలకు 290కి జారింది, పొడవు వేలెడు తగ్గింది. ఎర్రబడిన స్ప్రింగ్ ఉక్కు తన పదునును కోల్పోతుంది, అది మళ్లీ రాదు.

పది పదిహేను ఎఫ్‌పీఎస్ మాత్రమే తగ్గించవలసి ఉంటే స్ప్రింగ్ జోలికి పోనక్కరలేదు. బేరింగ్ ఉన్న స్ప్రింగ్ గైడ్ స్థానంలో మామూలు గైడ్ పెడితే బేరింగ్ మందమంత ముందస్తు బిగువు తగ్గుతుంది. పైగా కొత్త స్ప్రింగ్ మొదటి కొన్ని వందల దెబ్బలకు తనంతట తానే కొంత కుదురుకుంటుంది కనుక, 355 చూసి కంగారుగా కోసేయకండి. లోపలి బ్యారెల్ పొట్టిది వేయడం కూడా ఒక మార్గమే, కానీ బ్యారెల్ ధర స్ప్రింగ్ కంటే ఎక్కువ.

గ్యాస్ గన్‌ల సంగతి వేరు, మన ప్రాంతంలో మరీ వేరు. గ్రీన్ గ్యాస్ అని అమ్మేది ముఖ్యంగా ప్రొపేన్. దాని పీడనం 20 డిగ్రీల దగ్గర 8 బార్ల (బార్ అంటే పీడనపు కొలమానం) పైచిలుకు ఉంటే, 40 డిగ్రీల దగ్గర 13 బార్లు దాటుతుంది. ఎండాకాలంలో రామగుండం, వరంగల్ వైపు మధ్యాహ్నం ఉష్ణోగ్రత 42 దాటడం మామూలే కనుక, ఉదయం ఏడింటికి హద్దులో ఉన్న పిస్తోలు పదకొండింటికి హద్దు మీరుతుంది. దానికి వేగం తగ్గించే నాజిల్ వాల్వ్ ఉంటే బిగించుకోవాలి. లేకపోతే కారు ఏసీలలో వాడే 134ఏ గ్యాస్‌కు మారవచ్చు, దాని పీడనం 40 డిగ్రీల దగ్గర కూడా 10 బార్లకు అటూ ఇటూగానే ఉంటుంది. వంటగ్యాస్ సిలిండర్ నుంచి నింపుకునే ప్రయత్నం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయవద్దు. గ్యాస్ నిండిన మ్యాగజైన్‌ను ఎండలో, బండి డిక్కీలో ఉంచవద్దు.

మళ్లీ బిగించాక బీబీలు లేకుండా రెండు మూడుసార్లు ఒక్కొక్క దెబ్బ చొప్పున నొక్కి శబ్దం వినండి, తరువాత రెండు వందల బీబీలు కాల్చి, అప్పుడు మైదానం వారు వాడే బీబీతోనే, మధ్యాహ్నపు ఎండలో కొలవండి. ఇంటి క్రోనోగ్రాఫ్‌కు, గేటు దగ్గరి దానికి నాలుగైదు అంకెల తేడా ఉండడం సహజం కనుక, 350 హద్దుకు నేను 335 దగ్గర ఆపుతాను. స్ప్రింగ్ పేరు, తేదీ, చూపిన పెద్ద అంకె ఒక కాగితపు టేపు ముక్క మీద రాసి బ్యాటరీ మూత లోపల అంటించండి.