మన ల్యాప్‌టాప్ మనమే బాగుచేసుకుందాం – 4వ పాఠం: లోగో దాకా వచ్చి పడిపోతుంటే

పోయిన పాఠంలో బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేని ల్యాప్‌టాప్ సంగతి చూశాం. అడాప్టర్, బ్యాటరీ, చార్జింగ్ పిన్ను, తెర కేబుల్... అక్కడ పేచీ అంతా కరెంటుతోనే. ఈసారి కేసు వేరు. లైట్లు వెలుగుతాయి, ఫ్యాను తిరుగుతుంది, కంపెనీ లోగో వస్తుంది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెడతాయి. హమ్మయ్య అనుకునేలోపు తెర నీలంగా మారిపోతుంది. లేదా అదీ లేకుండా మళ్ళీ మొదటి లోగోకే వస్తుంది. వదిలేస్తే పొద్దస్తమానం అలా తిరుగుతూనే ఉంటుంది.

ఇలాంటిది దుకాణానికి తీసుకెళ్తే చాలాచోట్ల ముందు వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". ఫార్మాట్ పనికిరాదని నేననను, కానీ అది ఆఖరి మెట్టు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా. పైగా చెడింది ర్యామ్ (మిషన్ పనిచేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) అయితే, ఫార్మాట్ కొట్టి వేసిన కొత్త విండోస్ కూడా అలాగే పడిపోతుంది. ఫొటోలూ పోతాయి, జబ్బూ మిగిలిపోతుంది.

కాబట్టి బాగుచెయ్యడం తర్వాత. ముందు కనిపెట్టాల్సింది ఒక్కటే: ఎక్కడి దాకా వచ్చి పడిపోతోంది?

ముందు చూడండి, ముట్టుకోకండి

ఫోను తీసి కెమెరా ఆన్ చేసి, ల్యాప్‌టాప్ తెరకి ఎదురుగా పెట్టి, అప్పుడు పవర్ బటన్ నొక్కండి. లోగో నుంచి పడిపోయేదాకా మొత్తం వీడియో తీయండి. నీలం తెర మీద రాత రెండు సెకన్లు కూడా నిలవకపోవచ్చు. వీడియో అయితే ఆపి చదువుకోవచ్చు.

ఇప్పుడు వీడియో చూసి, మీ మిషన్ ఈ మూడింటిలో ఎక్కడ పడిందో పట్టుకోండి. కంపెనీ లోగో మాత్రమే వచ్చి, తిరిగే చుక్కలు అసలు కనిపించకపోతే విండోస్ ఇంకా మొదలే కాలేదు. డిస్క్ దొరకట్లేదనో, బయోస్ (విండోస్ కంటే ముందే లేచి మిషన్‌ని సిద్ధం చేసే ప్రోగ్రామ్) సెట్టింగ్ మారిందనో అనుమానించాలి. చుక్కలు తిరిగాక పడిపోతే విండోస్ లేచింది, తన డ్రైవర్లను (ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములను) లోపలికి పిలుచుకునేటప్పుడు ఎవరో కాలడ్డం పెట్టారు. పాస్‌వర్డ్ కొట్టాక పడిపోతే విండోస్ పునాది బాగానే ఉన్నట్టు. ఆ తర్వాత లేచే ప్రోగ్రాములో, గ్రాఫిక్స్ డ్రైవరో తేడా చేస్తున్నాయి.

ఈ మూడో రకం వాళ్ళు అదృష్టవంతులు. రెండో రకానికి కొంచెం ఓపిక కావాలి. ఈ పాఠం ఎక్కువగా వాళ్ళ కోసమే.

తగిలించినవన్నీ పీకేయండి

పెన్‌డ్రైవ్, మౌస్ డాంగిల్, ప్రింటర్ కేబుల్, మెమరీ కార్డు, బయటి మానిటర్, ఏదైనా సరే తీసేయండి. చిన్న విషయమే కానీ చాలామంది దాటేసేదీ ఇదే. పాడైన పెన్‌డ్రైవ్ ఒక్కటి గుచ్చి ఉన్నా కొన్ని మిషన్లు లోగో దగ్గరే బిగుసుకుపోతాయి.

తర్వాత అడాప్టర్ పీకి, బ్యాటరీ ఊడదీసే మోడల్ అయితే అదీ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల నిలిచిపోయిన కరెంటు దిగిపోతుంది. మళ్ళీ తగిలించి ఆన్ చేయండి. దీంతోనే లేచిందా, సంతోషం. కానీ పాఠం ఇక్కడ ఆపకండి, రేపు మళ్ళీ పడొచ్చు.

రికవరీ తెరలోకి దారి

ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ (తప్పనిసరైన వాటితో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) వస్తుందని పాత అలవాటు చాలామందికి ఇంకా పోలేదు. విండోస్ 8 నుంచీ ఆ దారి మామూలుగా మూసే ఉంటుంది. ఎఫ్8 టకటకా ఎంత కొట్టినా లాభం లేదు.

ఇప్పటి దారి కాస్త మొరటుగా ఉంటుంది. ఆన్ చేయండి. చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్‌ని 10 సెకన్ల పాటు నొక్కి పట్టి ఆపేయండి. మళ్ళీ ఆన్, మళ్ళీ అలాగే ఆపడం. వరుసగా రెండుసార్లు సరిగ్గా లేవలేకపోయానని విండోస్ గుర్తుపెట్టుకుని, మూడోసారి తనంతట తానే రికవరీ తెర చూపిస్తుంది. మామూలప్పుడు మాత్రం ఇలా బటన్ పట్టుకుని ఆపడం మానుకోండి. మీ మిషన్ దానంతట అదే పడిపోతూ ఉంటే ఒక్కోసారి మీరు ఆపే పని కూడా లేకుండా ఈ తెర వస్తుంది.

అక్కడ ముందు తనే ఏదో వెతుకుతుంది, వెతకనివ్వండి. తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే బటన్ కనిపిస్తుంది. అది నొక్కి, ట్రబుల్‌షూట్, మళ్ళీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో స్టార్టప్ సెట్టింగ్స్, చివరికి రీస్టార్ట్. మిషన్ ఒకసారి ఆగి లేచి, 1 నుంచి 9 దాకా అంకెలతో ఒక జాబితా చూపిస్తుంది. మౌస్ పనిచెయ్యదు, అంకె నొక్కడమే. మనకి కావాల్సినవి మూడే. 4 అంటే సేఫ్ మోడ్. 5 అంటే ఇంటర్నెట్‌తో సేఫ్ మోడ్. 9 అంటే, పడిపోయినా వెంటనే రీస్టార్ట్ అవ్వకుండా ఎర్రర్ తెర నిలిపి ఉంచమని.

మధ్యలో బిట్‌లాకర్ కీ అడిగితే కంగారుపడకండి. ఈమధ్య కొన్న విండోస్ 11 మిషన్లలో డిస్క్‌కి తాళం మీకు తెలియకుండానే పడి ఉండొచ్చు. ఆ కీ 48 అంకెలుంటుంది, మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి చూసుకోవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ళనే అడగాలి. కీ లేకుండా ముందుకెళ్ళే అడ్డదారులు చెప్తామనే వీడియోలను నమ్మకండి.

నీలం తెర మీది రాత

ఏడుపు ముఖం బొమ్మ కాదు మనకి కావాల్సింది, కింద స్టాప్ కోడ్ అని ఉండే వరుస. 2025లో విండోస్ 11 కొత్త అప్‌డేట్లతో నీలం పోయి నలుపు వచ్చింది, ముఖం బొమ్మా పోయింది. కోడ్ మాత్రం ఉంది.

వందలాది కోడ్‌లున్నాయి, బట్టీ పట్టక్కర్లేదు. లేచేటప్పుడు తరచుగా ఎదురయ్యేవి కొన్నే. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటే విండోస్‌కి తన డిస్కే అందట్లేదు. డిస్క్ చెడి ఉండొచ్చు, లేదా బయోస్‌లో స్టోరేజ్ మోడ్ మారి ఉండొచ్చు. పాత మిషన్లలో బోర్డు మీది 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి. అప్పుడు తారీఖు కూడా ఎప్పటిదో చూపిస్తుంది, అదే గుర్తు. "మెమరీ మేనేజ్‌మెంట్" అంటే ర్యామ్ వైపు ముందు చూడాలి, కానీ డ్రైవర్ల వల్ల కూడా వస్తుంది. "వీయా (WHEA) అన్‌కరెక్టబుల్ ఎర్రర్" అనేది దాదాపు ఎప్పుడూ హార్డ్‌వేర్ మాటే: వేడి, ప్రాసెసర్, ర్యామ్, డిస్క్. "క్రిటికల్ ప్రాసెస్ డైడ్" అంటే విండోస్‌కి ప్రాణం లాంటి ప్రోగ్రామ్ ఏదో ఆగిపోయింది. సిస్టమ్ ఫైళ్ళు చెడితే ఎక్కువగా ఇది చూస్తాం. కోడ్ కింద చివర ఎస్‌వైఎస్ (.sys) అని ఉన్న ఫైలు పేరు కనిపిస్తే మరీ మంచిది, ఏ డ్రైవర్‌ని ముందు నిలదీయాలో అదే చెప్తోంది.

మన ఊళ్ళలో ఇంకో కారణం ఉంది. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌ని అడాప్టర్ మీదే నడుపుతుంటారు. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతుంది. సగం రాసిన ఫైళ్ళతో విండోస్ లేవమంటే ఎక్కడ లేస్తుంది? మీది అలాంటి మిషనే అయితే రికవరీ తెరలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అని ఒకటుంటుంది, ముందు దాంట్లో క్వాలిటీ అప్‌డేట్ తీసి చూడండి.

సేఫ్ మోడ్: మందు కాదు, పరీక్ష

4 నొక్కారు. తెర నాలుగు మూలలా సేఫ్ మోడ్ అని రాసి, అక్షరాలు పెద్దవిగా, వాల్‌పేపర్ లేకుండా నల్లటి డెస్క్‌టాప్ వచ్చింది. పిన్ పనిచెయ్యకపోతే అసలు పాస్‌వర్డ్ అడగొచ్చు, గుర్తుంచుకోండి. ఇక్కడ విండోస్ తనకి తప్పనిసరైన డ్రైవర్లతో మాత్రమే లేస్తుంది. గ్రాఫిక్స్‌కి కంపెనీ డ్రైవర్ బదులు మైక్రోసాఫ్ట్ మామూలు డ్రైవర్ వాడుకుంటుంది. తర్వాత మనం వేసుకున్న ప్రోగ్రాములు చాలావరకు లేవవు.

ఇక్కడ మిషన్‌ని అరగంట వదిలేయండి. నిక్షేపంగా నడిచిందంటే ర్యామ్, డిస్క్, ప్రాసెసర్ చాలావరకు నిర్దోషులు. దోషి బయట నుంచి వచ్చిన డ్రైవరో ప్రోగ్రామో. ఇక్కడా పడిపోయిందంటే హార్డ్‌వేర్ గానీ, చెడిన సిస్టమ్ ఫైళ్ళు గానీ. ఒక్క పరీక్షతో అనుమానితుల్లో సగంమంది తప్పుకున్నారు. ఫార్మాట్‌కి తొందరపడేవాళ్ళు వదిలేసుకునేది ఈ అరగంటే.

దీని విలువ 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక్క లోపభూయిష్టమైన ఫైలుతో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు లేవడం, పడటం, మళ్ళీ లేవడం మొదలుపెట్టాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు చెప్పిన విరుగుడు ఏమిటి? సేఫ్ మోడ్‌లోకో రికవరీ తెరలోకో వెళ్ళి, 291 అనే అంకె ఉన్న ఆ ఫైలుని తీసేసి రీస్టార్ట్ చెయ్యడం. అంతే, ఫార్మాట్ ఊసే లేదు.

ఒక కేసు చూద్దాం

మా అపార్ట్‌మెంట్‌లో డిగ్రీ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది.

"అంకుల్, షాపులో ఫార్మాట్ అంటున్నారు. నా ప్రాజెక్టంతా అందులోనే ఉంది."

"ఎక్కడ ఆగుతోందమ్మా?"

"పాస్‌వర్డ్ కొట్టాక తెర ఒకసారి మెరిసి నల్లగా అయిపోతుంది. తర్వాత రీస్టార్ట్."

"ఈమధ్య కొత్తగా ఏమైనా వేశావా?"

"నేనేం వెయ్యలేదు. అదే అప్‌డేట్ అయింది."

పాస్‌వర్డ్ తర్వాత, అదీ తెర మెరిసి. సేఫ్ మోడ్‌లో బాగానే నిలబడింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ చరిత్ర తీస్తే, గొడవ మొదలైన ముందురోజు డిస్‌ప్లే డ్రైవర్ ఒకటి దిగి ఉంది. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్, డిస్‌ప్లే అడాప్టర్స్, కార్డు పేరు మీద డబుల్ క్లిక్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్ (అంటే పాత డ్రైవర్‌కే వెనక్కి వెళ్ళడం). మామూలుగా రీస్టార్ట్ చేస్తే లేచింది. రోల్ బ్యాక్ బటన్ మసగ్గా ఉండి నొక్కనివ్వకపోతే, అక్కడే ఉన్న అన్‌ఇన్‌స్టాల్ డివైస్ వాడుకోవచ్చు. ఆ డ్రైవర్ మళ్ళీ దిగకుండా అప్‌డేట్లని కొన్నాళ్ళు పాజ్‌లో పెట్టించాను. ప్రాజెక్టు ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోమని కూడా చెప్పాననుకోండి.

ఇంకో చిన్న చిట్కా. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పడిపోతుంది, రీస్టార్ట్ కొడితే మాత్రం బాగానే లేస్తుంది అంటే ఫాస్ట్ స్టార్టప్‌ని అనుమానించండి. షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆగదు, తన స్థితిలో కొంత డిస్క్‌లో దాచుకుని మర్నాడు అక్కణ్ణుంచే లేస్తుంది. రీస్టార్ట్ అయితే మొదటినుంచి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి దాన్ని ఆపేయొచ్చు.

సేఫ్ మోడ్‌లోనూ నిలబడకపోతే

విండోస్‌ని పక్కనపెట్టి హార్డ్‌వేర్‌ని అడగాలి. చాలా కంపెనీలు విండోస్‌తో పనిలేని పరీక్షలు మిషన్‌లోనే పెట్టి ఇస్తాయి. హెచ్‌పీ అయితే ఆన్ చెయ్యగానే ఎస్కేప్ కొట్టి ఎఫ్2, డెల్ అయితే ఎఫ్12 కొట్టి డయాగ్నస్టిక్స్. ర్యామ్, డిస్క్ రెండూ పరీక్షించమనండి. ఆ పరీక్షలోనే మిషన్ ఆగిపోయినా అదీ ఒక జవాబే.

ర్యామ్ రెండు కడ్డీలుంటే, బ్యాటరీ విడదీసి, ఒకటి తీసి ఒక్కదానితో నడిపి చూడండి, తర్వాత రెండోదానితో. స్లాట్‌కి రెండు పక్కలా ఉండే క్లిప్పులను బయటికి లాగితే కడ్డీ దానంతట అదే వాలుగా పైకి లేస్తుంది, బలవంతంగా పీకక్కర్లేదు. బంగారు రంగు అంచులు మాసి ఉంటే మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. మళ్ళీ పెట్టేటప్పుడు వాలుగా లోపలికి తోసి, కిందికి నొక్కితే టిక్ అనాలి. పలచటి మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అప్పుడు ఈ పని మనది కాదు.

డిస్క్ మీద అనుమానం ఉంటే, పాత హార్డ్‌డిస్క్ టిక్ టిక్ మంటుంటే, చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్) లాంటివేవీ నడపకండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని ఆ స్కాన్ పూర్తిగా పడుకోబెట్టేయొచ్చు. ముందు డేటా బయటికి తీసుకోవాలి. అదెలాగో, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు మిషన్‌ని నడిపే ఉచిత సిస్టమ్) వేసుకుని, చెడిన విండోస్‌ని ముట్టుకోకుండా ఫైళ్ళు తోడుకోవడం, 5వ పాఠంలో.

ఈలోపు మీకు పని: బాగున్న ల్యాప్‌టాప్‌లోనే సాధన చేయండి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ కొడితే, బటన్‌తో బలవంతంగా ఆపకుండానే అదే రికవరీ తెర వస్తుంది. స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్ళి 4 నొక్కి, సేఫ్ మోడ్ చూసి, మామూలుగా రీస్టార్ట్ చేసి బయటికి రండి. దానికి ముందు బిట్‌లాకర్ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ కాగితం ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి. తర్వాతి పాఠానికి కనీసం 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధం చేసుకోండి.