ఏటికొప్పాక బొమ్మను ఆన్‌లైన్‌లో అమ్మాలంటే

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగులు పట్టించే కళాకారులకు నేడు ఫోను ద్వారా నేరుగా అమ్ముకునే వీలు కలిగింది. అయితే దళారి చేసిన పనులన్నీ ఇప్పుడు వారి నెత్తినే పడ్డాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫోటో. ఎండ నేరుగా పడని వెలుతురులో, తెల్ల కాగితంపై బొమ్మను నిలిపి తీయాలి. ఫ్లాష్ వాడితే లక్క నిగనిగ కాస్తా తెల్లటి మచ్చగా మారి, అసలు రంగు తెలియకుండా పోతుంది. అరచేతిలో పెట్టి మరొకటి తీస్తే, కొలతలు చదవని కొనుగోలుదారుకూ పరిమాణం అర్థమవుతుంది. చేతిపని గనుక రంగులో స్వల్ప తేడా ఉండవచ్చునని ముందే రాయడం మంచిది, లేకపోతే సగం ఫిర్యాదులు అక్కడే పుడతాయి. ఈ బొమ్మలకు 2017లో లభించిన భౌగోళిక గుర్తింపును (ఇవి ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకేనని తెలిపే జీఐ గుర్తింపును) కూడా వివరణలో ప్రస్తావించాలి.

ధర నిర్ణయించేటప్పుడు కర్ర, లక్క, కూలితో పాటు ఆన్‌లైన్ అమ్మకపు వేదిక (వెబ్‌సైటు లేదా యాప్) తీసుకునే కమీషను, కొరియరు ఖర్చు, తిరిగొచ్చే సరుకు నష్టం కలపాలి. చాలామంది తమ సొంత కూలినే మరచిపోతారు, ఇది విచారకరం.

లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి, ప్రతి భాగాన్నీ విడివిడిగా మెత్తటి కాగితంలో చుట్టి, పెట్టెలో కదలకుండా సర్దాలి. మూత, చక్రాలు ఒకదానికొకటి రాసుకుంటే గీతలు పడతాయి.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే పరిమితికి లోబడిన టర్నోవరు (ఏడాది మొత్తం అమ్మకాలు) గలవారు 2023 అక్టోబరు 1 నుంచి ఆ రిజిస్ట్రేషన్ లేకుండానే, జీఎస్టీ పోర్టల్ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో, సొంత రాష్ట్రం లోపల ఈ వేదికలపై అమ్మవచ్చు.