ఇంట్లో ఆర్కిడ్ పెంపకం – 4వ పాఠం: పూలు రాలిపోయాక

పోయిన పాఠంలో నీళ్ల సంగతి చూశాం. వేర్లు వెండి తెలుపుకు తిరిగాకే నీళ్లు పోయాలి, ఆకుపచ్చగా ఉన్నంతవరకు కుండీ జోలికి వెళ్లొద్దు అనుకున్నాం. అది చేతికి అలవాటైతేనే ఈ పాఠం. వేర్లు కుళ్లుతున్న మొక్కను పూయించాలని చూడటం దండగ, ముందు దాన్ని కోలుకోనివ్వండి.

కొన్నప్పుడున్న పూలు రాలిపోగానే చాలా ఇళ్లలో జరిగేది రెండే. మొక్క పని అయిపోయిందని పారేయడం, లేదంటే ‘పూల మందు’ తెచ్చి పోయడం. రెండూ అక్కర్లేదు. డెండ్రోబియం మళ్లీ పూయాలంటే వెలుతురు కావాలి, ఫెలనాప్సిస్ పూయాలంటే చల్లదనం కావాలి. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికేవి ఈ రెండే కాబట్టి, మీ దగ్గరున్నది ఏదో ముందు తేల్చుకోండి.

కుండీలోంచి చెరకు గడల్లా నిలువు కాండాలు లేచి, వాటికి అటొకటి ఇటొకటి ఆకులుంటే అది డెండ్రోబియం. పెళ్లి స్టేజీల మీద కనిపించే ఊదా, తెలుపు కలిసిన పూలు ఎక్కువగా దీనివే. సోనియా అని అడిగితే ఇస్తారు. కాండమే లేనట్టు నాలుగైదు మందపాటి, వెడల్పాటి ఆకులు అడుగునే పరుచుకుని, ఆకు సందులోంచి సన్నటి పూకాడ వంగి వస్తే అది ఫెలనాప్సిస్. ఇంకా ఏదీ కొననివాళ్లకు నా సలహా: డెండ్రోబియంతో మొదలుపెట్టండి. మన ఎండలకు తట్టుకుంటుంది.

డెండ్రోబియం

పూలు రాలిపోయాక ఎండిన పూకాడను మాత్రమే కత్తిరించండి. ఆకులు రాలిపోయి మోడులా కనిపించే పాత కాండం మీద కత్తెర పడకూడదు. అందులో నీరు, ఆహారం నిల్వ ఉంటాయి, కింద వచ్చే కొత్త పిలకను అదే పోషిస్తుంది. పైన కణుపుల దగ్గర అదే కాండం ఇంకోసారి పూసినా పూస్తుంది. పూర్తిగా ఎండి, గోధుమ రంగుకు తిరిగి, నొక్కితే డొల్లగా ఉంటే అప్పుడు తీసేయండి.

ఇక అసలు సంగతి వెలుతురు. ఆకు రంగు చూస్తే తెలిసిపోతుంది. మామిడి ఆకులా ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే చూడటానికి బాగుంటుంది గానీ, ఆ మొక్కకు వెలుతురు చాలడం లేదు. పూయదు, లేదా అరకొరగా పూస్తుంది. లేత పచ్చగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పసుపుకు తిరిగితే, అంచులు ఎర్రబడితే ఎండ ఎక్కువైంది. తూర్పు బాల్కనీలో పొద్దున మూడు నాలుగు గంటల ఎండ, లేదా డాబా మీద 50 శాతం షేడ్ నెట్ కింద చోటు దీనికి బాగా సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నెట్ రెండు పొరలు వేయండి. హాల్లో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలోకి తేవద్దు. రెండు వారాల పాటు కొంచెం కొంచెంగా జరపండి, లేకపోతే ఆకులు మాడి తెల్ల మచ్చలు పడతాయి. ఆ మచ్చలు మళ్లీ పోవు.

కాండం మీద మొగ్గకు బదులు చిన్న మొక్క, దానికి వేర్లు వస్తే కంగారు పడకండి. అది పిల్ల మొక్క. వేర్లు రెండు మూడు అంగుళాలు పెరిగాక కోసి వేరే కుండీలో పెట్టుకోవచ్చు. కాకపోతే ఇలాంటివి ఎక్కువగా వస్తుంటే నత్రజని ఎక్కువైందో, వేర్లు పాడయ్యాయో చూసుకోండి.

ఫెలనాప్సిస్

దీనికి నేరుగా ఎండ తగలకూడదు. పగలు 28 డిగ్రీలు దాటుతున్నంతకాలం ఆకులు పెడుతుందే గానీ పూకాడ వేయదు. కొన్ని వారాల పాటు పగలు 25 దగ్గర, రాత్రి 16 నుంచి 20 మధ్య ఉంటే పూకాడ మొదలవుతుంది. హైదరాబాద్‌లో నవంబర్ చివర నుంచి జనవరి దాకా నీడ ఉన్న కిటికీ దగ్గర ఇది దానంతటదే జరుగుతుంది, రాత్రి కిటికీ తీసి ఉంచితే చాలు. విజయవాడ, విశాఖలాంటి చోట్ల పగటి వేడితోనే చిక్కు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గది చూసి అక్కడ పెట్టండి, వెలుతురు మాత్రం తగ్గకూడదు. ఏసీ గాలి నేరుగా తగిలితే మొగ్గలు రాలిపోతాయి.

ఆకు సందులోంచి ఏదో పొడుచుకొస్తుంటే అది వేరా, పూకాడా అని అందరికీ డౌటే. కొస గుండ్రంగా, నున్నగా ఉంటే వేరు. ఒక పక్కకు కోసుగా, చిన్న పొరలు కప్పుకున్నట్టు ఉంటే పూకాడ. పూకాడ కనిపించాక పూలు విచ్చుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా కుండీని అటూ ఇటూ తిప్పకండి, పూలు చిందరవందరగా తిరుగుతాయి. డైనింగ్ టేబుల్ మీద అరటి గెల పక్కన అసలు పెట్టకండి. పండుతున్న కాయల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు పసుపెక్కి రాలిపోతాయి.

పూలు అయిపోయాక పూకాడ ఇంకా పచ్చగా ఉంటే, అడుగు నుంచి కణుపులు లెక్కపెట్టి మూడో కణుపుకు ఒక సెంటీమీటరు పైన కోయండి. అక్కడి నుంచి పక్క కొమ్మ వచ్చి మళ్లీ పూయవచ్చు. ఆకులు మూడుకన్నా తక్కువున్నా, వడలిపోయి ఉన్నా ఆశకు పోకుండా మొదట్లోకి కోసేయండి. బ్లేడును మంట మీద కాల్చి, చల్లారాక వాడాలి. కోసిన చోట కాస్త దాల్చినచెక్క పొడి అద్దితే బూజు పట్టదు. వేర్లకు మాత్రం అది తగలకూడదు, ఎండిపోతాయి.

ఎరువు

దీనికి పెద్ద కథ లేదు. ఎరువుల దుకాణంలో దొరికే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీటికి అర గ్రాము కలిపి వారానికోసారి, ముందు మామూలు నీళ్లతో తడిపిన వేర్ల మీద పోయండి. నాలుగో వారం ఎరువు మానేసి, ఉప్పు కొట్టుకుపోయేలా మంచినీళ్లు ధారగా పోయండి. కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే ఉప్పు పేరుకున్నట్టే. ఆర్‌ఓ మెషీన్ నుంచి వృథాగా పోయే నీళ్లు పొదుపు అనుకుని వీటికి పోయకండి, అందులో లవణాలు మామూలు నీళ్లకన్నా ఎక్కువ.

ఈ వారం పని

మీ మొక్క ఆకును పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి, నెల తర్వాత అదే చోట ఇంకోటి తీసి రంగు పోల్చి చూడండి. ఫెలనాప్సిస్ ఉన్నవాళ్లు కుండీ పక్కన ఒక థర్మామీటర్ పెట్టి మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూసి రాసుకోండి.

వచ్చే పాఠం కుండీ మార్చడం. కట్టె బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు తెచ్చుకుని విడివిడిగా ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి ఉంచండి. డొక్క నీళ్లు ఎర్రగా దిగుతాయి, ఆ రంగు తగ్గేదాకా రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి.