క్విల్ట్ బార్డర్ అలలుగా లేస్తోందా? విప్పి సరిగ్గా వేయడం ఎలా

క్విల్ట్ (బట్ట ముక్కలు కలిపి కుట్టిన బొంత) పైపొరను నేల మీద పరిస్తే మధ్యలో చదునుగా ఉండి, బార్డర్ మాత్రం తడిసి ఆరిన అట్టలా వంకర్లు తిరుగుతోందా? దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. పొడవాటి పట్టీని కొలవకుండా అంచు మీద పెట్టి కుట్టుకుంటూ పోయి, చివర మిగిలిన ముక్కను కత్తిరించి పారేశారు. మిషను పళ్ళు కింది బట్టను ముందుకు లాగుతాయి, పైనున్న బట్టను మాత్రం నొక్కి పట్టే పాదం కాస్త ఆపుతుంది. పట్టీ కింద ఉంటే అంగుళం అంగుళానికీ కొంచెం ఎక్కువే లోపలికి వెళ్తుంది. అంచు అప్పటికే సాగి ఉంటే పట్టీ ఆ సాగిన పొడవునే పట్టుకుని కూర్చుంటుంది.

"క్విల్టింగ్‌లో (పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు) సర్దుకుంటుందిలే" అనే మాట నమ్మకండి. కాస్త లూజు దట్టమైన క్విల్టింగ్‌లో కలిసిపోవచ్చు. చెయ్యి దూరేంత అల ఉంటే పాదం కింద మడత పడుతుంది, ఆ మడత మీదే కుట్టు పడుతుంది. మూలల దగ్గర చిన్న మడత కుట్టి దాచేయడం ఇంకా అన్యాయం. అది కంటికి కనిపిస్తుంది, పైగా అలలు మూల నుంచి పక్కకు జరుగుతాయంతే.

ముందు తప్పు ఎక్కడుందో చూడండి. పైపొరను గట్టి నేల మీద వేసి, అరచేత్తో మధ్య నుంచి బయటికి సాపు చేయండి. బార్డర్ ఒక్కటే లేస్తే పట్టీ పొడవు ఎక్కువైనట్టు. మధ్య భాగం బోర్లించిన పళ్ళెంలా ఉబ్బి, బార్డర్ బిగుతుగా ఉంటే పట్టీ పొట్టిగా ఉన్నట్టు, కొత్త పట్టీ కత్తిరించాల్సిందే. అంచు దగ్గరి బ్లాకులు (ముక్కలు కలిపి కుట్టిన గళ్ళు) కూడా లూజుగా ఉంటే జబ్బు లోపలి కుట్లలో ఉంది, వాటిని సరిచేయకుండా బార్డర్ మీద శ్రమపడొద్దు.

కావాల్సినవి: కుట్లు విప్పే సీమ్ రిప్పర్, సాగని టేపు, గుండుసూదులు ఒక డబ్బా, ఇస్త్రీ పెట్టె, సుద్ద.

విప్పడం తేలికే. చివర కుట్టిన పై, కింది బార్డర్లు ముందు తీసి, తర్వాత పక్కవి తీయండి. ఒక వైపు ప్రతి నాలుగో కుట్టును కోస్తూ వెళ్ళి, రెండో వైపు దారం లాగేస్తే వచ్చేస్తుంది. రెండు బట్టల్నీ చేతులతో చీల్చినట్టు లాగకండి, అంచు మళ్ళీ సాగుతుంది. తీసిన పట్టీల మీద ఆవిరి పట్టించి, ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఎత్తి ఎత్తి పెడుతూ నొక్కండి. చల్లారేదాకా కదపకండి.

ఇప్పుడు కొలత. అంచును ఎప్పుడూ కొలవద్దు, మొదట సాగేది అదే. పైనుంచి కిందికి మూడు చోట్ల కొలవండి: నడి మధ్యలో ఒకటి, రెండు అంచుల నుంచీ ఆరేసి అంగుళాలు లోపలికి వచ్చి ఒక్కొక్కటి. 72, 72¼, 72½ అంగుళాలు వచ్చాయనుకుందాం. సగటు 72¼. రెండు పక్క పట్టీలూ సరిగ్గా అంతే ఉండాలి, ఒకటి 72, ఇంకోటి 72½ కాదు. పాత పట్టీ ఎలాగూ పొడవు కాబట్టి ఎక్కువసార్లు కొత్త బట్టే అక్కర్లేదు. ఒకవేళ కొత్తది కత్తిరించాల్సి వస్తే నిలువు నూలు వెంట, అంటే బట్ట గట్టి అంచుకు సమాంతరంగా కత్తిరించండి. అడ్డనూలు ఎక్కువ సాగుతుంది. ఐమూలగా కత్తిరించిన పట్టీని బార్డర్‌కు వాడనే వాడొద్దు.

చాలామంది పాడుచేసేది ఇక్కడి నుంచే. పట్టీ 72¼ ఉంటుంది, క్విల్ట్ అంచు 73 ఉంటుంది. ఆ ముప్పావు అంగుళం ఎక్కడా గుమిగూడకుండా మొత్తం పొడవునా పంచాలి. అంకెలతో లెక్కలు వేయకండి. పట్టీని సగానికి, మళ్ళీ సగానికి మడిచి మడతల దగ్గర సుద్ద గుర్తు పెట్టండి. అంచునూ అలాగే మడిచి గుర్తు పెట్టండి. ముందు రెండు చివరలు, తర్వాత మధ్య, తర్వాత పావులు కలిపి గుండుసూదులు గుచ్చండి. ఇప్పుడు ఒక్కో పావులో ఉన్న లూజు దాదాపు ఒకటిన్నర సూతు (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). దాన్ని వేళ్ళతో సర్దుతూ రెండేసి అంగుళాలకొక సూది పెట్టండి. లూజు కనిపించే చోట అంగుళానికొకటి.

కుట్టేటప్పుడు పొడవైనది కింద ఉండాలి. ఇక్కడ సాగిన అంచు కింద, పట్టీ పైన. బార్డర్‌ను పాడుచేసిన ఆ మిషను పళ్ళే ఇప్పుడు లూజును మింగేస్తాయి. అందుకే ఈ కుట్టుకు వాకింగ్ ఫుట్ (పై బట్టను కూడా ముందుకు నడిపే ప్రత్యేక పాదం) వాడుతుంటే తీసేయాలి, అది రెండు పొరల్నీ సమానంగా నడిపి ఈ సాయం లేకుండా చేస్తుంది. కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, మార్జిన్ (కుట్టుకూ బట్ట అంచుకూ మధ్య వదిలే బట్ట) పావు అంగుళం. రెండు సూదుల మధ్య ముక్కను మాత్రం కాస్త బిగువుగా పట్టుకోండి. పాదం వెనక నుంచి లాగకండి. మిషను సూది దగ్గరికి రాగానే గుండుసూది తీసేయండి. కింద ఉన్న బ్లాకుల కుట్టు మార్జిన్లు తిరగబడకుండా మధ్య మధ్యలో ఆగి వేలితో తడిమి చూడండి.

ఒక్కో పావులో, అంటే 18 అంగుళాలకు, పావు అంగుళం లూజు దాకా ఇలా హాయిగా సర్దుకుంటుంది. అర అంగుళం దాటితే మొండికేస్తుంది. అప్పుడు అంచు నుంచి ఒక సూతు లోపల 4 మిల్లీమీటర్ల పొడుగు కుట్టు వేసి, బాబిన్ దారాన్ని మెల్లగా లాగి అంచును పట్టీ కొలతకు తెచ్చుకోండి. కుచ్చు కనిపించకూడదు, బట్ట కాస్త దగ్గరపడితే చాలు. ఈ కుట్టు మార్జిన్‌లోనే ఉండిపోతుంది, విప్పనక్కర్లేదు.

కుట్టయ్యాక ముందు మూసి ఉన్నట్టుగానే కుట్టు మీద ఇస్త్రీ నొక్కి, తర్వాత బార్డర్ వైపు తిప్పి నొక్కండి.

పై, కింది పట్టీలకు పాత అడ్డం కొలత పనికిరాదు. పక్క బార్డర్లు కలుపుకుని మళ్ళీ మూడు చోట్ల కొలిచి, సగటు తీసి కత్తిరించండి. బార్డర్ రెండు మూడు వరసలుంటే ప్రతి వరసకూ ఈ కొలతలన్నీ మొదటి నుంచీ తీయాలి. మొదటి వరసలో మిగిలిపోయిన అరసూతు తేడా మూడో వరసకు వచ్చేసరికి మళ్ళీ అలే అవుతుంది.