పెడల్ జనరేటర్: ఎంత తొక్కినా బ్యాటరీ ఛార్జింగ్ ఎక్కకపోతే

తుఫాను సీజన్ వచ్చిందంటే ఇదే ఫిర్యాదు: "సైకిల్ తిరుగుతోంది, మోటార్ తిరుగుతోంది, ఛార్జింగ్ మాత్రం ఎక్కట్లేదు." 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తర్వాత ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి ఒక్క బల్బు, ఒక్క ఫోన్ ఎంత ధైర్యమో తెలిసినవాళ్లు గాలివాన రాకముందే కింద చెప్పినవన్నీ చూసి పెట్టుకోవాలి. స్టాండ్ మీద సైకిల్, వెనక చక్రానికి ఆనుకుని తిరుగుతూ కరెంటు పుట్టించే 24 వోల్టుల డీసీ మోటార్, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్, 12 వోల్టుల 26 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఉన్న సెటప్‌కి ఇది సరిపోతుంది.

ముందుగా, అందరూ వదిలేసే పరీక్ష

మల్టీమీటర్‌ని బ్యాటరీ టెర్మినల్స్ మీద పెట్టి, ఇంకొకరిని తొక్కమనండి. మోటార్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గరే. 12.4 వోల్టులు ఉన్న అంకె తొక్కగానే పైకి కదలాలి, కాసేపటికి 13 దాటాలి. కదలకపోతే మీకు కనిపిస్తున్నది బ్యాటరీ సొంత వోల్టేజే. ఈ ఒక్క నిమిషం పని మానేసి కొత్త మోటార్ కొనేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

పెడల్ తేలిక, మోటార్ నెమ్మది

టైర్ జారుతోంది. గాలి కొట్టండి, ఆయిల్ మరకలు తుడవండి, మోటార్‌ని చక్రానికి ఇంకాస్త నొక్కి బిగించండి.

పెడల్ తేలిక, మోటార్ జోరు

కరెంటు పారట్లేదు. పారితే కాళ్లకు బరువు తెలుస్తుంది. ఫ్యూజ్ చూడండి. మోటార్ తిరగాల్సిన వైపే తిరుగుతోందా చూడండి. రివర్స్‌లో తిరిగితే ప్లస్, మైనస్ తారుమారై డయోడ్ ఆపేస్తుంది. తర్వాత డయోడ్. షాపులో చవగ్గా దొరికే 1ఎన్4007 ఒక్క ఆంపియర్‌కే, ఇక్కడ కాలిపోతుంది. 10 ఆంపియర్ల షాట్కీ డయోడ్ వేయండి.

అన్నీ బాగానే ఉన్నాయి, ఛార్జింగ్ మాత్రం అంతంతే

మనల్ని బాగా తిప్పలు పెట్టేది ఇదే. బ్యాటరీ తీసేసి కొలిస్తే వైర్ చివర 15 వోల్టులు కనిపిస్తాయి. తగిలించి తొక్కితే అర ఆంపియర్ కూడా వెళ్లదు. దోషం వైర్లో, జాయింట్లో ఉంటుంది. కరెంటు పారనప్పుడు చెడ్డ జాయింట్ కూడా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది, అందుకే మీటర్ మోసం చేస్తుంది.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రాగికి చిలుము పడుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు నిగనిగలాడుతుంటుంది. బ్లేడుతో ఒక అంగుళం చీలిస్తే లోపల పోగులు నల్లబడి, లగ్ (వైర్ చివర బిగించే లోహపు తొడుగు) దగ్గర పచ్చటి పొడి రాలుతుంది.

ఎక్కడుందో పట్టుకోవడం తేలికే. ఒకరు తొక్కుతుండగా మీటర్ ప్రోబ్‌ల రెండు మొనలూ *ఒకే వైర్* రెండు చివర్లలో పెట్టండి: మోటార్ ప్లస్ నుంచి డయోడ్ దాకా, డయోడ్ నుంచి బ్యాటరీ ప్లస్ దాకా, తర్వాత మైనస్ వైర్. ఎక్కడైనా 0.2 వోల్టులు దాటితే దొంగ అక్కడే. వేళ్లతో తడిమినా ఆ జాయింట్ వెచ్చగా తగులుతుంది.

మెరిసే రాగి కనిపించేదాకా వైర్ కత్తిరించి, కొత్త లగ్ వేసి, సోల్డర్ చేసి, పైన వాజలైన్ రాయండి. మెలిపెట్టి టేపు చుట్టడం ఈ పనికి చాలదు. వైర్ సన్నగా ఉన్నా నష్టమే: ఒక చదరపు మిల్లీమీటర్ వైర్ ఐదు మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి 5 ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టులు అదే తినేస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైర్ వేయండి.

తొక్కడం ఆపినా చక్రం తిరుగుతోంది

డయోడ్ షార్ట్ అయింది. బ్యాటరీయే మోటార్‌ని నడుపుతోంది. వెంటనే వైర్ తీసి డయోడ్ మార్చండి.

మోటార్ బ్రష్‌లు అరగడం, అయస్కాంతాలు బలం తగ్గడం చాలా అరుదు, చివర్లో చూసుకోవచ్చు.

గంట తొక్కినా ఇన్వర్టర్ బ్యాటరీ నిండలేదు

ఇది రిపేరు కాదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1800 వాట్-అవర్లు. మామూలు మనిషి నిలకడగా తొక్కితే వచ్చేది 60, 70 వాట్లు, అంటే గంటకు 60, 70 వాట్-అవర్లే. ఇన్వర్టర్ ఆఫ్ చేసి, చిన్న బ్యాటరీకే తొక్కండి. దాని నుంచి 12 వోల్టుల డీసీ బల్బు, ఫోన్ ఛార్జర్ నేరుగా నడపండి.