బాలల హక్కులు చట్టం కావాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ప్రచారం నడిపే పద్ధతి

ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించగా, భారతదేశం 1992 డిసెంబరు 11న అందులో చేరింది. అయితే మన దేశంలో ఒడంబడికలో చేరినంత మాత్రాన అందులోని హక్కు కోర్టులో దానంతట అది అమలు కాదు. పార్లమెంటు దానిని చట్టంగా చేయవలసి ఉంటుంది. ఒడంబడికల అమలు కోసం రాష్ట్ర జాబితాలోని (మామూలుగా రాష్ట్రాలు చట్టం చేసే) అంశాలపై సైతం చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 253వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. కాబట్టి ప్రచారం చేసేవారు అడగవలసింది "పిల్లలను కాపాడండి" అని కాదు. ఏ హక్కు, ఏ చట్టంలో, ఏ సెక్షన్‌గా రావాలో అడగాలి.

అందుకు మొదటి పని, మన ఊళ్లలో కనిపించే సమస్యలను రెండు కట్టలుగా విడదీయడం: చట్టం ఉన్నా అమలు కానివి ఒకటి, చట్టంలోనే లోటు ఉన్నవి రెండోది. నెల్లూరు జిల్లాలోని యానాది కుటుంబాలలో జనన ధ్రువపత్రం లేని పిల్లలు ఉన్నారనుకుందాం. పుట్టిన వెంటనే నమోదు పొందే హక్కును ఒడంబడికలోని 7వ అధికరణ చెబుతోంది; మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969 నుంచే ఉంది. అక్కడ లోపం అమలులోనే ఉంది కనుక, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టడమే సరైన దారి. అదే పశ్చిమ ప్రకాశం నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే కుటుంబంలో పదిహేనేళ్ల అమ్మాయి చదువు ఆగిపోతే, విద్యాహక్కు చట్టం ఆమెకు అక్కరకు రాదు. అది 6 నుంచి 14 ఏళ్ల వారికే వర్తిస్తుంది. ఒడంబడిక మాత్రం 18 ఏళ్లలోపు వారందరినీ బాలలుగానే చూస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ కూడా ఇలాంటిదే: బడి వేళల తరువాత, సెలవులలో, ప్రమాదకరం కాని కుటుంబ పనిలో సాయపడే పిల్లలకు అది మినహాయింపు ఇచ్చింది. పని కుటుంబానిదా, మేస్త్రీదా అన్నది పొలం గట్టు మీద తేల్చడం ఎంత కష్టమో ఆ పని చూసినవారికి తెలుసు. ఈ రెండో కట్టే మన ప్రచారానికి ముడిసరుకు.

వివరాలు సేకరించేటప్పుడు పిల్లల పేర్లు, ఫొటోలు, బడి పేర్లు బయటపెట్టకూడదు. నేరానికి గురైన, సాక్షులైన, రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును మీడియాలో వెల్లడించడాన్ని బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. మంచి ఉద్దేశంతో ముఖం కనిపించే ఫొటో పంచినవారే ముందుగా ఇబ్బందిలో పడతారు. అలాగని పిల్లల మాటను పక్కన పెట్టకూడదు. తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కును ఒడంబడికలోని 12వ అధికరణ వారికి ఇచ్చింది.

కోరిక ఎంత సూటిగా ఉండాలో నెల్లూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన మహిళలు అడిగింది ఒక్కటే: ఊళ్లో సారా వద్దు. ఆ మాట జిల్లాలు దాటి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది కూడా. చట్టం రాగానే ప్రచారం నడిపిన సంఘాన్ని రద్దు చేసుకోరాదని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

లోక్‌సభకు పిటిషన్ పంపడం చాలామంది అనుకునేంత కష్టం కాదు. పిటిషన్‌ను సభను ఉద్దేశించి మర్యాదపూర్వకమైన భాషలో రాసి, పేరు, చిరునామాతో సంతకం చేయాలి. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లిషు అనువాదం జతచేసి, దానిపైనా సంతకం పెట్టాలి. దానిని సభ ముందుంచే సభ్యుడి సంతకం కూడా ఉండాలి. ఎవరి సంతకం కోరాలన్నది జిల్లా పేరును బట్టి తేలదు. నెల్లూరు జిల్లాలోని వెంకటాచలం, ముత్తుకూరు మండలాలు తిరుపతి లోక్‌సభ స్థానంలోకి వస్తే, ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి బాపట్ల స్థానంలోకి వస్తుంది.

అదే సభ్యుడిని ప్రైవేటు సభ్యుల బిల్లు (మంత్రి కాని సభ్యుడు తెచ్చే బిల్లు) పెట్టమనీ కోరవచ్చు. 1970 తరువాత అలాంటి బిల్లు ఏదీ చట్టం కాలేదు కనుక ఆశ అతిగా పెట్టుకోకూడదు. కానీ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులపై ఒక సభ్యుడు తెచ్చిన బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించగా, ప్రభుత్వమే తెచ్చిన బిల్లు 2019లో చట్టమైంది. చర్చకు తెరతీయడానికి ఆ దారి పనికివస్తుంది.

బిల్లు ముసాయిదాను మాత్రం న్యాయవాది చేత చదివించాలి. ఒడంబడికను తమ చట్టంలో కలుపుకోవడానికి స్కాట్లండ్ పార్లమెంటు 2021లో ఆమోదించిన బిల్లులోని కొన్ని భాగాలు దాని అధికార పరిధిని దాటాయని బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. సవరించిన చట్టం 2024లో గానీ అమలులోకి రాలేదు. మన ముసాయిదాలో 253వ అధికరణను పీఠికలోనే పేర్కొనాలి. హక్కుకు భంగం కలిగితే బిడ్డ తరఫున ఎవరు, ఏ కోర్టుకు వెళ్లవచ్చో, కోర్టు ఏ ఉత్తర్వు ఇవ్వగలదో చెప్పే సెక్షన్ తప్పక ఉండాలి. అది లేని చట్టం గోడకు అంటించిన నినాదంతో సమానం.

ఇక కాలక్రమం. మిరప కోతలకు వెళ్లిన కుటుంబాల వివరాలను వేసవిలోపు రాసిపెట్టుకుని, జూన్‌లో బడులు తెరిచాక తిరిగి చేరని పిల్లల లెక్కతో పోల్చి చూస్తే, జులైలో సాధారణంగా మొదలయ్యే పార్లమెంటు వర్షాకాల సమావేశాల నాటికి పిటిషన్‌కు జతచేయదగిన పట్టిక చేతిలో ఉంటుంది.