మొదటి పవర్‌లిఫ్టింగ్ మీట్‌కి ముందు: ఒళ్లున్నవాళ్లకి కొన్ని జాగ్రత్తలు

జిల్లా మీట్ దగ్గరపడితే మన విశాఖ జిమ్ముల్లో ఒకటే హడావుడి. బరువు తగ్గుదామని బార్ పట్టుకుని పోటీదాకా వచ్చేసినవాళ్లు ఇవి చూసుకోండి.

నీళ్లు మానేసి కింది బరువు కేటగిరీకి దిగొద్దు. ఇక్కడి ఉక్కపోతకి ఊరికే కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది, ఆపైన బీపీ ఉన్న ఒంటితో ప్లాస్టిక్ సూట్ తగిలించుకుని బీచ్ రోడ్డులో పరిగెడితే, కళ్లు తిరిగేది బార్ భుజాల మీద ఉన్నప్పుడే. పై కేటగిరీలోనే పోటీ చేయండి, అన్నిటికన్నా పెద్దదానికి పైన హద్దే లేదు.

బీపీ మాత్రల స్ట్రిప్ వెనక పేరు చదవండి. హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి, ఒంట్లో నీరు లాగే మందులు డోపింగ్ నిషేధ జాబితాలో ఉన్నాయి. మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టర్‌ని అడగండి, మార్చడం కుదరకపోతే మినహాయింపుకి ముందే అప్లై చేయాలి.

మొదటి అటెంప్ట్ జిమ్‌లో వరసగా మూడు రెప్స్ తేలిగ్గా వచ్చే బరువే. ఫెయిలైతే తగ్గించనివ్వరు. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లలో ఏ ఒక్కదాంట్లోనైనా మూడు అటెంప్ట్‌లూ పోతే టోటలే (మూడు లిఫ్ట్‌లు కలిపిన మొత్తం) లేదు.

బెంచ్ ప్రెస్‌లో రిఫరీ ఇచ్చే స్టార్ట్, ప్రెస్, ర్యాక్ ఆర్డర్లని ఎవరిచేతైనా అరిపించుకుని ప్రాక్టీస్ చేయండి. బరువు లేచినా, ఆర్డర్ రాకముందే తొందరపడితే ఎర్ర లైటే, అంటే ఆ లిఫ్ట్ చెల్లదు.

స్క్వాట్‌ని పక్కనుంచి వీడియో తీయించుకోండి. తుంటి మడత మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలి, పొట్ట అడ్డొస్తే కాళ్లు కాస్త ఎడంగా పెట్టి చూడండి.

సింగ్లెట్ (పోటీలో వేసుకునే, ఒంటికి అతుక్కునే ఒకే ముక్క డ్రెస్) ఇప్పుడే ఆర్డర్ పెట్టండి, పెద్ద సైజులు షాపులో దొరకడం కష్టం.

మీట్ రోజు మీ బరువు చూసేశాక ఇడ్లీ, అరటిపండు చాలు. కొత్త ప్రీ వర్కౌట్ పొడులు ఆ రోజు వద్దు.